సి షిఫ్ట్ తర్వాత మెలటోనిన్ వేసుకున్నా నిద్ర రావట్లేదు, డోసు పెంచాలా?

సి_షిఫ్ట్_సీను
విశాఖలో ఒక ఫ్యాక్టరీలో ఆపరేటర్‌ని. 38 ఏళ్లు. వారానికో షిఫ్ట్ మారుతుంది. ఏ అంటే పొద్దున 6 నుంచి 2, బి అంటే 2 నుంచి రాత్రి 10, సి అంటే రాత్రి 10 నుంచి తెల్లారి 6. పదమూడేళ్లుగా ఇదే బతుకు. మొదట్లో ఎక్కడ వాలితే అక్కడ నిద్రపోయేవాణ్ణి, కంపెనీ బస్సులో నిలబడి కూడా. రెండేళ్ల నుంచి మాత్రం సి షిఫ్ట్ వారం వచ్చిందంటే నరకమే. పడుకున్న రెండు గంటలకే మెలకువ. మూడో రోజుకి నెత్తిన రుబ్బురోలు పెట్టినట్టు ఉంటుంది.

మా షిఫ్ట్‌లో ఒకాయన మెలటోనిన్ వాడమన్నాడు. మెడికల్ షాపులో 10 ఎంజీ తెచ్చుకున్నా. ఇంటికొచ్చి, పిల్లల్ని స్కూల్లో దింపి, టిఫిన్ తిని, రైతు బజారుకి వెళ్లొచ్చి, కాసేపు ఫోన్ చూసుకునేసరికి 11 అవుతుంది. అప్పుడు వేసుకుంటా. ఒంటిగంట దాకా దొర్లుతా, మూడున్నరకి లేస్తా, రాత్రి డ్యూటీలో తూగుతా. మొన్న తెల్లారి బండి మీద వస్తుంటే ఒక్క క్షణం కళ్లు మూతపడ్డాయి. తెరిచేసరికి డివైడర్ జానెడు దూరంలో ఉంది. అప్పట్నుంచి భయం పట్టుకుంది.

పది చాలకపోతే ఇరవై వేసుకోమంటున్నాడు ఆయన. వేసుకోవచ్చా? ఎవరైనా వాడినవాళ్లు చెప్పండి.

గచ్చిబౌలి_గుడ్లగూబ
ఇరవై ఏంటి బ్రో, ఏనుక్కి వేస్తున్నావా?

పాత_కాపు
మా నాన్న 31 ఏళ్లు నైట్ డ్యూటీలు చేశాడు. ఏ బిళ్లా వేసుకోలేదు. ఇదంతా మందుల కంపెనీల వ్యాపారం. ఒళ్లు అలిసేలా పని చేస్తే నిద్ర అదే వస్తుంది.

సి_షిఫ్ట్_సీను
@పాత_కాపు ఒళ్లు అలవట్లేదని ఎవరన్నారు సార్? అలిసినా రావట్లేదనే కదా నా గోల.

మందులషాపు_మూర్తి
ఫార్మసిస్ట్‌ని, కౌంటర్ మీద 19 ఏళ్లు. రోజూ కనీసం ఇద్దరైనా ఇదే ప్రశ్న అడుగుతారు కాబట్టి కాస్త పెద్దగా రాస్తున్నా.

మెలటోనిన్ నిద్రమాత్ర కాదు. మెదడులో పీనియల్ అనే చిన్న గ్రంథి చీకటి పడ్డాక దీన్ని తయారుచేస్తుంది. 'రాత్రయింది' అని ఒళ్లంతటికీ చాటింపు వేయడమే దీని పని. డప్పు కొట్టేవాడు ఊరంతా తిరిగి చెప్తాడు గానీ ఇంటింటికీ వచ్చి జోకొట్టడు. కంటిలో వెలుగు పడిందా, ముఖ్యంగా పొద్దుటి ఎండ, ఆ డప్పు ఆగిపోతుంది.

ఇప్పుడు సీను గారి పొద్దు చూడండి. ఆరున్నరకి ఎండలో బండి, ఎనిమిదింటికి స్కూలు, తొమ్మిదికి రైతు బజారు, పదికి ఫోన్. నాలుగు గంటలపాటు ఒంటికి 'తెల్లారింది, లే లే' అని చెప్పి, 11కి ఒక బిళ్లతో 'ఉత్తినే అన్నా, రాత్రే' అంటే అది నమ్మాలా?

డోసు పెంచితే నిద్ర పెరగదు. రాత్రి రక్తంలో సహజంగా ఉండేంత స్థాయి రావడానికి అర మిల్లీగ్రాము సరిపోతుంది. మన దగ్గర ఎక్కువగా దొరికేవి 3, 5, 10. మామూలు బిళ్ల అయితే రక్తంలో ప్రతి గంటకీ దాదాపు సగం తగ్గిపోతుంది. కాబట్టి రాత్రి డ్యూటీలో మీ తూగు బిళ్లదని అనుకోను, నిద్ర బాకీదే. పెద్ద డోసు తర్వాత తలనొప్పి, మబ్బుగా ఉండటం, పిచ్చి కలలు మాత్రం చాలామంది చెప్తారు.

ఒక మాట: 'ఎస్ఆర్' అని రాసినవి మెల్లగా కరిగేవి. వాటిని విరిచి వేసుకోకూడదు. రక్తం గడ్డకట్టకుండా ఇచ్చే వార్ఫరిన్ వాడేవాళ్లు, ఫ్లూవాక్సమిన్ అనే మానసిక మందు వాడేవాళ్లు డాక్టర్‌ని అడక్కుండా దీని జోలికి పోవద్దు. ఫ్లూవాక్సమిన్ ఉంటే మెలటోనిన్ ఒంట్లోంచి త్వరగా పోదు, రక్తంలో ఎన్నో రెట్లు పెరుగుతుంది.

గచ్చిబౌలి_గుడ్లగూబ
డప్పు పోలిక అదిరింది.

అమెరికా ప్రాసెస్‌లో, అంటే అక్కడి వాళ్ల కోసం ఇక్కణ్ణుంచి రాత్రిళ్లు చేసే పనిలో, ఆరేళ్లు, సాయంత్రం 6:30 నుంచి తెల్లవారుజాము 3:30. నేను 3 ఎంజీ వాడాను. పనిచేసిందా అంటే, కాస్త. నిద్ర పట్టడంలో తేడా పెద్దగా లేదు, పట్టాక కొంచెం ఎక్కువసేపు ఉండేది. తర్వాత చదివితే తెలిసింది, వైద్య పరిశోధనల్ని సమీక్షించే కాక్రేన్ అనే సంస్థ వాళ్లు 2014లో షిఫ్ట్ వర్కర్ల మీద వచ్చిన ప్రయోగాలన్నీ కలిపి చూస్తే, నైట్ తర్వాత పగటి నిద్ర సగటున 24 నిమిషాలు పెరిగిందట. త్వరగా నిద్ర పట్టడంలో మాత్రం తేడా కనిపించలేదట. ఆ ఆధారాలు కూడా అంత గట్టివి కావని వాళ్లే రాశారు.

పాత_కాపు
24 నిమిషాల కోసం బిళ్ల! ఫోన్ పక్కన పడేస్తే గంట కలిసొస్తుంది. నేను చెప్పిందే కదా మీ కాక్రేనూ చెప్పింది.

నైట్_నర్సమ్మ
@పాత_కాపు వారానికి ఆరు నైట్లు అనుకుంటే 144 నిమిషాలు సార్. ఐసీయూలో ఆరో నైట్ తెల్లారి నాలుగింటికి ఆ రెండున్నర గంటల విలువ ఎంతో నన్నడగండి. ఇంజెక్షన్ డోసు లెక్కేయడానికి ఒకే లైను మూడుసార్లు చదువుకునే రోజులుంటాయి.

ఫోన్ గురించి మాత్రం మీతో నూటికి నూరుపాళ్లు ఒప్పుకుంటా.

పాత_కాపు
సరేనమ్మా, ఆ లెక్క నేను వేయలేదు.

పప్పుచారు
మా బ్యాచ్‌లో సి షిఫ్ట్ దిగాక ఒక క్వార్టర్ వేసి పడుకుంటారు. ఎక్కడా లేని నిద్ర.

మందులషాపు_మూర్తి
పట్టడం పడుతుంది. రెండు మూడు గంటలకి మత్తు దిగగానే మెలకువ, నోరెండిపోవడం, బాత్రూమ్. నిద్ర రెండో సగాన్ని ఆల్కహాల్ ముక్కలు చేస్తుంది. పైగా రెండు నెలలకి క్వార్టర్ హాఫ్ అవుతుంది. ఇంకొందరు ఆల్ప్రాజోలం అనే మత్తు బిళ్ల అడుగుతారు, 'పోయినసారి ఇచ్చారుగా' అని గొడవ కూడా. అది షెడ్యూల్ హెచ్1 మందు, చీటీ లేకుండా ఇవ్వకూడదు. అలవాటు పడితే మానడం మహా కష్టం. దానికీ మెలటోనిన్‌కీ పోలిక పెట్టకండి.

ఖని_బిడ్డ
గోదావరిఖనిలో ఉంటా, బొగ్గు బాయిలో పని. ఇరవై రెండేండ్లు. నా బాధ ఉల్టా. అండర్‌గ్రౌండ్‌లో రాత్రంతా చీకట్లోనే ఉంటం, టోపీ లైటు తప్ప వెలుతురుండదు. నైట్ షిఫ్ట్ అయి పైకొచ్చేసరికి ఎండ కళ్లల్ల సూదులు గుచ్చినట్టు కొడ్తది. ఇక నిద్రెక్కడిది?

ఇంకోటి, మీరంతా బిళ్ల గురించి మాట్లాడ్తున్నరు గానీ మే నెలల మా దగ్గర పగటిపూట పడుకోవడమంటే పెనం మీద పడుకున్నట్టే. క్వార్టర్ స్లాబు రాత్రి దాకా వేడి కక్కుతది. నేను చేసేదేందంటే, కిటికీకి తడిపిన గోనెపట్టా, దాని ముంగట కూలర్. చీకటికి చీకటి, చల్లకి చల్ల. కరెంటు పోతే మాత్రం బిళ్లా లేదు, గోనెపట్టా లేదు.

గచ్చిబౌలి_గుడ్లగూబ
@ఖని_బిడ్డ అన్నా, పప్పుచారు చెప్పిన క్వార్టర్, నువ్వు చెప్పిన క్వార్టర్ వేరు కదా 😄

ఖని_బిడ్డ
కొందరికి రెండూ ఒక్క దగ్గరనే ఉంటయి తమ్మీ.

డల్లాస్_అక్క
ఇక్కడ టెక్సాస్‌లో నర్సుని. వారానికి మూడు నైట్లు, 7 నుంచి 7. ఇండియాలో కనీసం మెడికల్ షాపులో అడిగి కొంటారు. ఇక్కడ సూపర్‌మార్కెట్‌లో విటమిన్ల పక్కనే పెద్ద సీసాల్లో ఉంటుంది, గమ్మీల రూపంలో. 1994 చట్టం ప్రకారం ఇది మందు కింద రాదు, ఫుడ్ సప్లిమెంట్. బ్రిటన్‌లో అయితే ప్రిస్క్రిప్షన్ కావాలి.

సప్లిమెంట్ కావడంతో సీసా మీద రాసింది లోపల ఉంటుందన్న గ్యారంటీ లేదు. 2017లో కెనడాలో 31 రకాలు కొని పరీక్షిస్తే, ఒకదాంట్లో రాసిన దానికంటే 83 శాతం తక్కువ, ఇంకోదాంట్లో 478 శాతం ఎక్కువ. నాలుగో వంతు వాటిలో సెరోటోనిన్ కూడా దొరికింది. 2023లో 25 రకాల గమ్మీలు చూస్తే 22 వాటిలో లేబుల్ తప్పు. ఒకదాంట్లో అసలు మెలటోనిన్నే లేదు!

కాబట్టి అమెరికా నుంచి వచ్చే చుట్టాలతో 'పది ఎంజీ సీసా తెండి' అని చెప్పకండి. మా ఆడపడుచు ప్రతిసారీ అదే లిస్టు పంపుతుంది. బాదం పప్పులు, టైగర్ బామ్, మెలటోనిన్.

పప్పుచారు
టైగర్ బామ్ అమెరికా నుంచా? 😂

డల్లాస్_అక్క
అదే నా బాధ కూడా.

ఒక్కటి సీరియస్‌గా చెప్తా. గమ్మీలు ఇంట్లో పిల్లలకి అందేలా పెట్టకండి. ఇక్కడ పిల్లలు మెలటోనిన్ మింగేశారని పాయిజన్ సెంటర్లకి వచ్చిన కేసులు 2012లో 8,337 ఉంటే 2021లో 52,563. మా బాబుకి నాలుగేళ్లప్పుడు సీసా చూపించి 'అమ్మ చాక్లెట్ కావాలి' అన్నాడు. ఆ రోజే గమ్మీలు పారేసి, మందుల డబ్బాకి తాళం వేశా.

రన్నింగ్‌రూమ్
గూడ్స్ లోకో పైలట్‌ని. మాకు షిఫ్ట్ అనేదే ఉండదు, కాల్ ఎప్పుడొస్తే అప్పుడు. నిన్న రాత్రి రెండింటికి, ఇవాళ మధ్యాహ్నం పన్నెండుకి, రేపు ఎప్పుడో దేవుడికే తెలియాలి. నేను ఒకసారి వేసుకుని పడుకున్న గంటన్నరకి కాల్ వచ్చింది. లేచి మొహం కడుక్కున్నా మబ్బు వదల్లేదు. ఉన్న విషయం చెప్పి ఆ కాల్‌కి వెళ్లలేదు, మాటలు పడ్డాను. మళ్లీ ముట్టుకోలేదు. లేవాల్సిన టైమ్ ఎప్పుడో తెలియనివాళ్లు దీనికి దూరంగా ఉండటమే మంచిది. వేసుకున్నాక నాలుగైదు గంటలు బండి ముట్టుకోవద్దు.

సీను గారూ, మీ డివైడర్ సంగతి చదివి గుండె ఝల్లుమంది. బిళ్ల సంగతి తర్వాత. ముందు సి షిఫ్ట్ వారం బండి మానేయండి. బస్సులో రండి.

నైట్_నర్సమ్మ
+1. బస్సు లేకపోతే డ్యూటీ దిగాక అక్కడే రెస్ట్ రూమ్‌లో 20 నిమిషాలు కునుకు తీసి బయల్దేరండి. మా స్టాఫ్‌లో ఒకమ్మాయి స్కూటీ ఇలాగే పోయి లారీ వెనక ఆగింది. పళ్లు రెండు పోయాయి, అదృష్టం.

షిఫ్ట్_ఇల్లాలు
మా ఆయనది పదిహేనేళ్ల షిఫ్ట్ ఉద్యోగం. మీరందరూ నిద్రపోయేవాళ్ల వైపు నుంచి రాస్తున్నారు, నేను కాపలా కాసేవాళ్ల వైపు నుంచి రాస్తా.

ఆయన పడుకోగానే నేను చేసే మొదటి పని కాలింగ్ బెల్ స్విచ్ ఆపడం. తలుపుకి అట్టముక్క మీద 'నైట్ డ్యూటీ, బెల్ కొట్టవద్దు' అని రాసి కట్టా. అది చదివి గ్యాస్ అబ్బాయి బెల్ కొట్టకుండా తలుపు బాదాడు. కుక్కర్ పదకొండు లోపే పెట్టేస్తా, లేదంటే గిన్నెలో వార్చి వండుతా. మిక్సీ సాయంత్రమే. ఆయన లేచేదాకా చట్నీ లేదు మా ఇంట్లో. పక్కింటివాళ్లు మేడ కట్టిన ఆరు నెలలు మాత్రం ఏం చేయలేకపోయా, ఆ టైల్స్ కోసే మిషన్ చప్పుడుకి ఏ మందూ లేదు. ఇక మా అమ్మ. రోజూ సరిగ్గా పన్నెండింటికి ఆయన నంబర్‌కే ఫోన్, 'అల్లుడు గారు పడుకున్నారా' అని.

@పాత_కాపు మీ నాన్నగారు 31 ఏళ్లు బిళ్ల లేకుండా నిద్రపోయారంటే, ఆ 31 ఏళ్లూ మీ అమ్మగారు ఏం చేశారో ఒకసారి అడిగి చూడండి.

పాత_కాపు
అడగాల్సిన పని లేదు, గుర్తుంది. మమ్మల్ని వేపచెట్టు కింద కూర్చోబెట్టి 'నాన్న లేచేదాకా నోరు విప్పితే వాత పెడతా' అనేది. ఎండాకాలం సెలవులన్నీ మేం సైగలతోనే ఆడుకున్నాం.

ఆ మాట ఇక్కడ మొదటే రాయాల్సింది.

గచ్చిబౌలి_గుడ్లగూబ
ఈ చర్చలో పాత కాపు గారు రెండుసార్లు తగ్గారు. స్క్రీన్‌షాట్ తీసుకున్నా.

పప్పుచారు
నైట్ షిఫ్ట్ చేస్తే క్యాన్సర్ వస్తుందంటగా? వాట్సాప్‌లో వచ్చింది.

డల్లాస్_అక్క
వాట్సాప్ వాళ్లు సగమే చెప్పారు. ప్రపంచ ఆరోగ్య సంస్థ కింద ఉన్న క్యాన్సర్ పరిశోధన సంస్థ 2007లో రాత్రి షిఫ్ట్ పనిని 2ఏ అనే వర్గంలో పెట్టింది, 2019లో మళ్లీ చూసి అక్కడే ఉంచింది. అంటే 'కారణం కావచ్చు' అనడానికి కొన్ని ఆధారాలున్నాయి, ఖాయంగా తేలలేదు అని. మటన్, బీఫ్ లాంటి రెడ్ మీట్ కూడా అదే వర్గంలో ఉంది.

ఖని_బిడ్డ
అయితే ప్లే డే (మా వారం సెలవు) నాటి మటన్ కూడా పాయె.

మోడరేటర్
మటన్ కోసం వేరే చర్చ ఉంది, అక్కడికి వెళ్లండి. ఇక్కడ ఎవరూ ఎవరికీ డోసు రాసివ్వకండి. అనుభవాలు చెప్పుకోండి, మందు మాత్రం డాక్టర్‌ని అడిగే.

నైట్_నర్సమ్మ
సీను గారూ, ఒక ప్రశ్న. మీరు గురక పెడతారా? మీకు తెలియదు, ఇంట్లో అడగండి. పదకొండేళ్లు బాగా నిద్రపోయిన మనిషికి రెండేళ్ల నుంచే ఇలా అయిందంటే అన్నీ షిఫ్ట్ మీదకి నెట్టలేం. ఆ రెండేళ్లలో ఇంకేం మారింది? బరువు పెరిగారా?

సి_షిఫ్ట్_సీను
అడిగాను. 'ఇప్పుడా అడిగేది' అంది మా ఆవిడ. గురక పెడుతూ మధ్యలో ఊపిరి ఆగినట్టయి, మళ్లీ గట్టిగా లాగుతానట. భయమేసి తట్టి లేపుతుందట. నాకు ఒక్కసారి కూడా గుర్తులేదు. బరువు కరోనా తర్వాత 11 కిలోలు పెరిగా.

నైట్_నర్సమ్మ
అదీ సంగతి. మీరు వాడాల్సిన మొదటి మందు మెలటోనిన్ కాకపోవచ్చు. స్లీప్ ఆప్నియా అంటారు దీన్ని, నిద్రలో గొంతు దారి మూసుకుపోయి ఊపిరి ఆగడం. ఎన్ని గంటలు పడుకున్నా తెల్లారి తల బరువే. పల్మనాలజీ (ఊపిరితిత్తుల) వాళ్లకి గానీ ఈఎన్‌టీ వాళ్లకి గానీ చూపించి స్లీప్ స్టడీ, అంటే నిద్రలో ఊపిరిని గమనించే పరీక్ష, చేయించుకోండి. బీపీ కూడా చూపించుకోండి. ఇది తేలేదాకా మత్తిచ్చే బిళ్లలు, పప్పుచారు గారి క్వార్టరు, రెండూ వద్దు. గొంతు కండరాలు ఇంకా వదులవుతాయి.

పప్పుచారు
నా పేరు అలా ఫిక్స్ అయిపోయిందా ఇక్కడ

మందులషాపు_మూర్తి
నర్సమ్మ గారు పట్టేశారు. ఇంత రాసి నేను ఆ ఒక్క ప్రశ్న అడగలేదు.

సి_షిఫ్ట్_సీను
*(18 రోజుల తర్వాత)*
మళ్లీ సి షిఫ్ట్ వారం అయిపోయింది, ఏమైందో చెప్దామని వచ్చి రాస్తున్నా.

డాక్టర్‌కి చూపించా. గొంతు చూసి, మెడ చుట్టుకొలత కొలిచి, స్లీప్ స్టడీ రాశారు. వచ్చే వారం డేట్ ఇచ్చారు. మెలటోనిన్ గురించి అడిగితే 10 పక్కన పెట్టేయమన్నారు, ఈ సి షిఫ్ట్ వారం మాత్రం 3లో సగం చూడమన్నారు. బీపీ 146/94, అది ఇంకో కథ.

మిగతాది మీ మాటలు పట్టుకునే. బండి మానేసి బస్సు. గేటు దగ్గరే నల్ల కళ్లద్దాలు పెట్టుకుని ఇంటి గుమ్మందాకా తీయలేదు. పిల్లల్ని దింపే పని ఆవిడ తీసుకుంది, బదులుగా సాయంత్రం ట్యూషన్ డ్యూటీ నాది. రాత్రి రెండు దాటాక టీ బంద్. ఇదివరకు నాలుగున్నరకి కూడా ఒకటి లాగించేవాణ్ణి, దాని ప్రభావం సగం తగ్గడానికే ఐదు గంటలు పడుతుందని డాక్టర్ చెప్పాక మానేశా. ఏడుంబావుకి ఇల్లు, కాస్త పెరుగన్నం, సగం బిళ్ల, ఎనిమిదికి మంచం. కిటికీకి నల్ల చార్టులు అంటించాం, ఖని అన్న గోనెపట్టా ఐడియా ఎండాకాలానికి దాచుకున్నా.

మొదటి రెండు రోజులు తేడా లేదు. మూడో రోజు నుంచి ఎనిమిదిన్నర నుంచి ఒంటిగంట దాకా పడుకున్నా. నాలుగున్నర గంటలు! సాయంత్రం డ్యూటీకి ముందు ఇంకో గంట కునుకు. ఇందులో బిళ్లది ఎంత, కళ్లద్దాలది ఎంత, మానేసిన టీది ఎంత అంటే నేను చెప్పలేను.

పాత_కాపు
బిళ్లది 24 నిమిషాలు. మిగతాది మీ ఆవిడది.

సి_షిఫ్ట్_సీను
ఆ మాట ఆవిడకి చూపించా. మీకు ఫ్యాన్ అయిపోయింది.

ఇప్పుడు ఏ షిఫ్ట్ వారం మొదలైంది. నాలుగున్నరకి లేవాలి, రాత్రి తొమ్మిదికి నిద్రే రాదు. దానికి సాయంత్రం వేసుకుంటే పనిచేస్తుందా?

మందులషాపు_మూర్తి
సాయంత్రం పెందలాడే చిన్న డోసు ఇస్తే ఒంటి గడియారం కాస్త ముందుకు జరుగుతుంది, నిజమే. కానీ అది జరిగేది రోజుకి మహా అయితే గంట లెక్కన. మీ గడియారం అక్కడికి చేరేసరికి మీకు మళ్లీ షిఫ్ట్ మారిపోతుంది. వారం మారుపుకి దాంతో ఆడుకోకపోవడమే మంచిది. స్లీప్ స్టడీ అయ్యాక ఆ డాక్టర్‌నే అడగండి. ఈ వారం రాత్రి ఎనిమిది నుంచి లైట్లు తగ్గించి, ఫోన్ వేరే గదిలో పెట్టి చూడండి.

ఖని_బిడ్డ
నల్ల అద్దాలు పనిచేసినయ్ అన్నవ్ గదా, అందరు ఏమన్లే?

సి_షిఫ్ట్_సీను
ఎందుకనలేదన్నా. మూడో రోజు బస్సు దిగుతుంటే ఎదురింటి పిన్ని ఆపి 'కళ్లకలకా నాయనా, పిల్లల దగ్గరికి వెళ్లకు' అంది. సాయంత్రానికి వీధంతా తెలిసిపోయింది. వారం రోజులు మా ఇంటికి ఒక్కరు రాలేదు, ఒక్కరు బెల్ కొట్టలేదు.

షిఫ్ట్_ఇల్లాలు
రేపే మా ఆయనకి ఒక జత కొంటున్నా.